నెట్ ఉంటే ప్రింట్ రాదు, ప్రింట్ వస్తే నెట్ ఉండదు: ఒక ఇంటి వైఫై కేసు

ఈ కేసులో వైఫై దాదాపు నిర్దోషి. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ నేరం మోపింది దాని మీదే. కనెక్షన్ ఇచ్చిన సంస్థ సిబ్బంది వచ్చి రౌటర్ మార్చారు, ఛానల్ మార్చారు, చివరికి ఇంకా వేగమైన ప్లాన్ తీసుకోమన్నారు. ఇంటివాళ్లు అదీ తీసుకున్నారు. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇల్లు రెండంతస్తులది. ఫైబర్ తీగ వచ్చి చేరేది కింది హాల్లో. అక్కడున్న పెట్టెలోనే మోడెమ్, రౌటర్, వైఫై అన్నీ కలిసి ఉన్నాయి. దీన్ని కింది రౌటర్ అంటాను. దాని సిగ్నల్ పై గదులకు సరిగా అందడం లేదని, అంతకుముందు వాడిన పాత రౌటర్‌ను పై అంతస్తులో పెట్టారు. ఇది పై రౌటర్. రెండింటినీ కలుపుతూ గోడలోని గొట్టం గుండా ఒక నెట్‌వర్క్ కేబుల్ ఉంది. దాని రెండు చివర్లూ లాన్ పోర్టుల్లోనే (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టుల్లో) ఉన్నాయి. పై రౌటర్‌కు వేరే రంగులో ఉండే వాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్‌ను కలిపేది) ఖాళీ. రెండింటి వైఫై పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. ప్లాన్ ప్రకారం డౌన్‌లోడ్ సెకనుకు 200 మెగాబిట్లు, అప్‌లోడ్ 20. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, వైఫై ప్రింటర్, గుమ్మం దగ్గర ఒక కెమెరా ఉన్నాయి.

వినిపించిన ఫిర్యాదులు ఇవి. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, కానీ దాని కింద ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది. పక్కనే కూర్చున్న మనిషి ఫోనులో అదే సమయంలో వీడియో ఆడుతూ ఉంటుంది. వైఫై ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి కాదు. కరెంటు పోయి వచ్చిన రోజు ఇంకా ఘోరం. ఇవి చాలవన్నట్లు నెట్ బాగున్న రోజుల్లోనూ సాయంత్రం వీడియో కాల్స్‌లో మాట తెగిపోతుంది. పై గదుల్లో వేగం ఎప్పుడూ తక్కువే.

ఇన్ని లక్షణాలు ఒకేసారి విన్నప్పుడు వాటన్నిటికీ ఒకే మూలం వెతకాలని మనసు తొందరపడుతుంది. ఇళ్లలోని నెట్‌వర్క్‌లలో అది అరుదుగా నిజమవుతుంది. ఒక లోపం మీద ఇంకొకటి పేరుకుని ఉంటాయి. అన్నిటికన్నా గట్టిగా కనిపించే లోపం తక్కినవాటిని కప్పేస్తుంది. అందుకే ముందు ఫిర్యాదులను విడదీశాను. ‘ఇంటర్నెట్ లేదు’ అనేది ఒకటి, ‘నెమ్మది’ అనేది ఒకటి, ‘మాట తెగుతోంది’ అనేది మరొకటి. మొదటిది తేలేదాకా మిగతా రెండింటినీ కొలిచి లాభం లేదు.

ఒక మాట దొరికింది

సామాను చూస్తుండగా ఇంటావిడ యథాలాపంగా అన్న మాట ఈ కేసును సగం తేల్చేసింది.

“నెట్ బాగా వస్తున్నప్పుడు ప్రింట్ రాదండీ. ప్రింట్ వచ్చిన రోజున నెట్ ఉండదు. రెండూ ఒకేసారి కుదరడం ఈ మధ్య చూడలేదు.”

“ప్రింటర్ వైఫై మీదే కదమ్మా?”

“వైఫైయే. మా తమ్ముడు అది పాతబడిపోయింది, మార్చెయ్యమంటున్నాడు.”

సిగ్నల్ బలహీనంగా ఉంటే ప్రింటూ నెట్టూ రెండూ కలిసి దెబ్బతినాలి, ఎందుకంటే రెండింటికీ గాలిలో దారి ఒకటే. ఒకటి ఉంటే మరొకటి లేకపోవడానికి బలహీనమైన సిగ్నల్ కారణం కాలేదు. ఛానల్ రద్దీ కారణం కాలేదు. ప్రింటర్ పాతబడడమూ కాదు. ల్యాప్‌టాప్ ఒక రోజు ప్రింటర్ ఉన్న వైపు, ఇంకో రోజు ఇంటర్నెట్ ఉన్న వైపు పడుతోందన్న మాట. అంటే ఒకే ఇంట్లో, ఒకే పేరు కింద, కంటికి కనిపించని రెండు నెట్‌వర్క్‌లు ఉన్నాయి.

దీన్ని సరిచూడడానికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కరలేదు. నెట్ వస్తున్న ఫోను, రాని ఫోను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, కలిసి ఉన్న నెట్‌వర్క్ పేరు మీద నొక్కి వివరాలు తెరిచాను. మొదటి ఫోనులో ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ పరికరం గుర్తింపు సంఖ్య) 192.168.1.113, గేట్‌వే (బయటికి దారి ఇచ్చే పెట్టె చిరునామా) 192.168.1.1. రెండో ఫోనులో ఐపీ చిరునామా 192.168.0.104, గేట్‌వే 192.168.0.1. చుక్కల మధ్య మూడో అంకె చూడండి: ఒకచోట 1, మరోచోట 0. తేడా అంతే. సాధారణంగా ఇళ్లలో మొదటి మూడు అంకెలు అందరికీ ఒకటే ఉండాలి. నాలుగోది మాత్రమే పరికరానికొకటిగా మారుతుంది. ప్రింటర్ బొత్తాలతో దాని నెట్‌వర్క్ వివరాల పేజీని అచ్చు వేయించాను. అందులో 192.168.0.101 అని ఉంది. ప్రింటర్ కాపురం నెట్ లేని ఫోనుతో అన్నమాట.

ఆ 192.168.0.1 ఎవరిదో తెలియాలి. నెట్ రాని ఫోనులోనే బ్రౌజర్ తెరిచి ఆ చిరునామా కొడితే పై రౌటర్ లాగిన్ పేజీ వచ్చింది. అప్పటిదాకా ఇంట్లో అందరి అభిప్రాయం ఒకటే: పై రౌటర్ వైఫైని పైకి అందిస్తుంది తప్ప దానికి సొంత పెత్తనమేమీ లేదు. లోపలికి వెళ్లి చూస్తే, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంది. వాన్ పోర్టు ఎదుట ‘కనెక్ట్ కాలేదు’ అని ఉంది. అది చిరునామాలు పంచిన పరికరాల జాబితా కింద ఉంది. ఆ జాబితాలో నన్ను ఆపింది ఫోన్లు కావు, టీవీ.

టీవీకి వైఫైతో పని లేదు. అది కింది హాల్లో, కింది రౌటర్‌కు మూరెడు దూరంలో, కేబుల్‌తో కలిపి ఉంది. అలాంటి టీవీ పేరు పై అంతస్తులోని రౌటర్ జాబితాలో ఎందుకుంది? ‘రౌటర్ పక్కనే కూర్చున్నా నెట్ రాదు’ అని ఇంటివాళ్లు చెప్పి చెప్పి విసిగిపోయిన మాటకు జవాబు కూడా అదే.

ఇద్దరు పంచితే ఏమవుతుంది

ఒక పరికరం నెట్‌వర్క్‌లో చేరగానే దానికి చిరునామా ఉండదు. కాబట్టి చిరునామా ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. ఇచ్చే అధికారం ఉన్న పెట్టె ‘ఇదిగో ఈ చిరునామా తీసుకో’ అంటుంది. పరికరం ‘సరే, అదే ఇవ్వండి’ అంటుంది. ‘నీదే’ అని చివరి జవాబు వస్తుంది. 1997లో ఖరారైన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉన్న ఈ నాలుగు మాటల పద్ధతే డీహెచ్‌సీపీ. చిరునామాతో పాటే గేట్‌వే ఎవరో, పేర్లు వెతికి పెట్టే డీఎన్‌ఎస్ సర్వర్ ఎవరో కూడా అప్పుడే చెబుతుంది. బయటి ప్రపంచానికి దారి ఏదో పరికరానికి తెలిసేది ఇక్కడే.

మొదటి కేక నెట్‌వర్క్ అంతటికీ వినబడుతుందన్నాను కదా. రెండు రౌటర్లను లాన్ పోర్టుల మధ్య కేబుల్‌తో కలిపినప్పుడు అవి రెండూ ఒకే నెట్‌వర్క్. టీవీ కింద వేసిన కేక పైకి వినబడుతుంది. రెండు పెట్టెలూ జవాబిస్తాయి. పరికరాలు మామూలుగా ముందు అందిన జవాబునే పట్టుకుంటాయి. కింది రౌటర్ జవాబు ముందు అందితే ఇంటర్నెట్ వస్తుంది. పై రౌటర్ ముందైతే ‘గేట్‌వేని నేనే’ అని చెబుతుంది, పరికరం నమ్ముతుంది, ప్రతి పేజీ కోసం దాని తలుపే తడుతుంది. దాని వాన్ పోర్టు ఖాళీ. అక్కడి నుంచి ఎక్కడికీ దారి లేదు.

ఈ పందెంలో గెలిచేది ఎప్పుడూ మంచి సర్వరే అనుకోకూడదు. కొన్ని సర్వర్లు ఒక చిరునామా ఇచ్చే ముందు అది ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని పింగ్ చేసి, అంటే చిన్న సందేశం పంపి జవాబు వస్తుందేమో చూసుకుంటాయి. ఆ జాగ్రత్త తీసుకునేవి కాస్త ఆలస్యంగా జవాబిస్తాయి. ఆ జాగ్రత్త లేనిది ముందుగా ఇచ్చేస్తుంది.

ఇక కరెంటు సంగతి. కరెంటు రాగానే పాత రౌటర్ చకచకా లేచి కూర్చుంటుంది. కింది రౌటర్ సొంత పనులు ముగించుకుని, ఫైబర్‌తో లంకె కుదుర్చుకుని, అప్పుడు వైఫై మొదలుపెడుతుంది. ఈలోగా ఇంట్లోని ఫోన్లన్నీ తెలిసిన పేరు కనబడింది కదా అని పై రౌటర్‌కే అంటుకుంటాయి. చిరునామా ఇవ్వడానికి అప్పటికి ఉన్నది అదొక్కటే. ఇల్లంతా ఒకేసారి నెట్ పోగొట్టుకోవడానికి కారణం ఇది. సంస్థకు ఫోన్ చేసినప్పుడల్లా వచ్చిన మొదటి సలహా ‘రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’. కింది రౌటర్‌ను ఆఫ్ చేసిన ప్రతిసారీ మైదానం పై రౌటర్‌కు అప్పగించినట్లే అయింది.

వైఫై ఆపి వేస్తే ఒక్కోసారి మాత్రమే బాగుపడడంలోనూ లెక్క ఉంది. చిరునామా ఎవరికీ శాశ్వతం కాదు. అది కొంత కాలానికి లీజు. లీజులో సగం గడిచాక పరికరం, ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. ఆ సర్వర్ పలకకపోతే 87.5 శాతం గడిచాక అందరినీ అడుగుతుంది. పై రౌటర్ ఎప్పుడూ పలుకుతూనే ఉంది కాబట్టి, ఒకసారి దాని చేతికి చిక్కిన పరికరం పొడిగించుకుంటూ అక్కడే ఉండిపోతుంది. వైఫై ఆపి వేసినా చాలా పరికరాలు ముందుగా పాత చిరునామానే మళ్లీ అడుగుతాయి. ఎప్పుడూ కదలని ప్రింటర్ ఆ వైపే స్థిరపడిపోయింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ ఇంటి కనెక్షన్‌లో ఐపీవీ6 (ఇప్పటిదాకా చూసిన ఐపీవీ4 చిరునామాల తర్వాతి తరం) లేదు. ఉన్న ఇంట్లో ఇదే లోపం వేరే వేషంలో కనిపిస్తుంది. పై రౌటర్ పాడుచేసేది ఐపీవీ4 దారిని మాత్రమే. ఐపీవీ6 దారిని కింది రౌటర్ వేరుగా ప్రకటిస్తుంది. అప్పుడు ఐపీవీ6 ఉన్న పెద్ద సైట్లు చక్కగా తెరుచుకుంటాయి, అది లేని సైట్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ‘వీడియోలు వస్తాయి, బ్యాంకు సైటు రాదు’ లాంటి వింత ఫిర్యాదు వింటే గేట్‌వేను ఒకసారి చూడడం మంచిది.

రుజువు

అనుమానం ఎంత గట్టిదైనా, తీసేస్తే పోవాలి, మళ్లీ పెడితే రావాలి. అప్పుడే కారణమని ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్‌లో వైఫై పూర్తిగా ఆపి, కింది రౌటర్‌కు కేబుల్‌తో కలిపాను. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశంతో చిరునామాను వదిలించి, కొత్తది అడిగించాను. ఇలా వరుసగా చేస్తూ పోతే కొన్నిసార్లు 192.168.1తో మొదలయ్యేది, కొన్నిసార్లు 192.168.0తో మొదలయ్యేది వచ్చింది. ఐపీకాన్ఫిగ్ పూర్తి వివరాల్లో ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అనే వరుస ఉంటుంది. చిరునామా ఇచ్చిన పెట్టె ఏదో దాని ఐపీ చిరునామాతో చెబుతుంది. వైఫై లేదు, గోడలు లేవు, సిగ్నల్ లేదు, అయినా జబ్బు కనిపించింది.

తర్వాత పై రౌటర్ నుంచి వచ్చే కేబుల్ ఊడదీసి అదే పని చేశాను. ఒక్కసారి కూడా తప్పుడు చిరునామా రాలేదు. కేబుల్ మళ్లీ పెట్టాను. కాసేపట్లో 192.168.0 మళ్లీ ప్రత్యక్షమైంది. ఇంటావిడ తమ్ముడు ఇదంతా వెనక నిలబడి చూస్తున్నాడు. సంగతి ఆయన నోటే బయటికొచ్చింది.

“కొన్నాళ్ల కింద పైన నెట్ రావడం లేదని దాన్ని రీసెట్ చేశానండీ. వెనక చిన్న కన్నం ఉంటుంది కదా, పిన్నుతో నొక్కి పట్టుకున్నాను. పేరు, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టేశాను. అప్పుడు బాగానే పనిచేసింది.”

ఆయన చేసింది ఎవరైనా చేసేదే. ఆ కన్నంలో పిన్ను గుచ్చి నొక్కి పట్టుకుంటే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతుంది. మొదట దాన్ని అమర్చినవాళ్లు డీహెచ్‌సీపీ ఆపి ఉంటారు. రీసెట్‌తో అది తిరిగి ఆన్ అయింది. కంటికి కనిపించేవి పేరు, పాస్‌వర్డ్ కాబట్టి వాటిని తిరిగి పెట్టారు. కనిపించనిది కనిపించకుండానే ఉండిపోయింది. పందెంలో కింది రౌటర్ గెలిచినన్నాళ్లు అంతా బాగానే ఉన్నట్లు అనిపించింది.

సరిచేసిన తీరు

పై రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేస్తే చాలు, కానీ ఆ పని చేసే వరుస ముఖ్యం. ముందే ఆపేసి బయటికొస్తే, తర్వాత ఆ రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి 192.168.0తో మొదలయ్యే చిరునామా ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. అప్పుడు ల్యాప్‌టాప్‌కు చేత్తో చిరునామా పెట్టుకుని లోపలికి దూరాలి, లేదా మళ్లీ పిన్ను పట్టుకోవాలి. అందుకే రెండు రౌటర్ల మధ్య కేబుల్ తీసి, ల్యాప్‌టాప్‌ను పై రౌటర్‌కు మాత్రమే కలిపి, ముందు దాని సొంత చిరునామాను 192.168.1.2గా మార్చాను. కింది రౌటర్ పంచే చిరునామాలు 100 నుంచి 199 వరకే కాబట్టి 2తో ఎవరికీ తగువు లేదు. రౌటర్ తిరిగి లేచాక కొత్త చిరునామాతో లోపలికి వెళ్లి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపాను. ఆ తర్వాతే కేబుల్ మళ్లీ లాన్ పోర్టులో పెట్టాను.

కొత్త రౌటర్లు చాలావాటిలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని ఒకే మీట ఉంటుంది. అది డీహెచ్‌సీపీని ఆపి, వాన్ పోర్టును కూడా మామూలు పోర్టులా మారుస్తుంది. అది ఉంటే అదే వాడాలి. ఈ పాతదానిలో లేదు. కేబుల్‌ను వాన్ పోర్టులో పెట్టేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఇంటర్నెట్ వరకు సరిపోతుంది, పై రౌటర్ పంపకం కిందికి రాకుండా ఆగిపోతుంది కూడా. అయితే పై అంతస్తు వేరే నెట్‌వర్క్‌గా విడిపోతుంది, కిందివాళ్లకు పైనున్న ప్రింటర్ కనబడదు. ఈ ఇంటికి అది మందు కాదు.

ఇంత చేశాక ప్రింటర్ పూర్తిగా మాయమైంది. అది జరుగుతుందని తెలిసే ఉంది. పాత లీజు ఇంకా మిగిలి ఉండడంతో అది 192.168.0.101 మీదే కూర్చుంది, ఆ వైపు ఇంకెవరూ మిగల్లేదు. ప్రింటర్‌ను ఆపి వేస్తే కింది రౌటర్ నుంచి కొత్త చిరునామా తీసుకుంది. ఆ చిరునామా ఇకపై మారకుండా కింది రౌటర్‌లో దానికి రిజర్వు చేశాను. కంప్యూటర్లలో ప్రింటర్‌ను తీసి మళ్లీ చేర్చాల్సి వచ్చింది, ఎందుకంటే అవి పాత చిరునామానే గుర్తుపెట్టుకున్నాయి. టీవీ, కెమెరా కూడా ఒకసారి ఆపి వేశాం. ఫోన్లు ఆ అవసరం లేకుండానే సర్దుకున్నాయి.

రెండు రౌటర్ల మీదా చీటీలు అంటించాను. పై రౌటర్ చీటీ మీద చిరునామా 192.168.1.2, డీహెచ్‌సీపీ ఆఫ్, కేబుల్ లాన్ పోర్టులో, వెనక కన్నం నొక్కితే మళ్లీ ఇవన్నీ చేయాలి అని రాశాను. తమ్ముడుగారు దాని ఫోటో తీసుకున్నారు.

పై గదుల నెమ్మది

నెట్ ఆగిపోవడం తగ్గాక మిగతావి కొలవడానికి వీలు చిక్కింది. పై రౌటర్‌కు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి వేగం చూస్తే 94 మెగాబిట్లు. కింద చూస్తే 200కు కాస్త అటూ ఇటూ. ఈ పనిలో ఉన్నవాళ్లకు 94 అన్న అంకె చూడగానే చేయి కేబుల్ మీదికే పోతుంది. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ లంకె మీద ప్రతి ప్యాకెట్‌కూ చుట్టే పొట్లం ఖర్చు తీసేస్తే లోపలి సరుకుకు మిగిలేది 95కు కొంచెం లోపే. అంటే 200 వచ్చే దారిలో ఎక్కడో లంకె 100కు దిగిపోయింది.

రెండు రౌటర్ల పోర్టులూ గిగాబిట్‌వే. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు; కనెక్టర్‌లో 1, 2, 3, 6 స్థానాల్లో ఉండేవి. మిగిలిన రెండు జతల్లో ఏ తీగ తెగినా గిగాబిట్ కుదరదు. చాలా పోర్టులు అప్పుడు కిక్కురుమనకుండా 100కు దిగి పనిచేస్తాయి. కొన్ని మాత్రం లంకె పెట్టుకుంటూ తెంచుకుంటూ ఉంటాయి. ఇక్కడ మొదటిది జరిగింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కేబుల్ టెస్టర్‌ను రెండు చివర్లా తగిలిస్తే 1 నుంచి 7 దాకా దీపాలు వరుసగా వెలిగాయి, 8 వెలగలేదు. పై చివర కనెక్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే కారణం కనబడింది: గోధుమ రంగు తీగ మిగతావాటి కన్నా వెనకే ఆగిపోయింది, బంగారు పూత రేకు దాని మీద పడలేదు. పైతొడుగు కూడా కనెక్టర్ బయటే ఉండిపోవడంతో, కేబుల్‌ను లాగినప్పుడల్లా బరువంతా సన్నటి తీగల మీదే పడుతూ వచ్చింది. ఆ చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేస్తే 8 వెలిగింది, పైన కూడా 200 వచ్చింది. గోడలోని కేబుల్ మార్చాలని అంతకుముందు ఎవరో చెప్పారట. దాని అవసరం రాలేదు.

ఇక వైఫై. పై రౌటర్‌లో రీసెట్ తర్వాత, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో పట్టీలో ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్‌జ్‌గా ఉంది, ఛానల్ 3. ఆ పట్టీ మొత్తం 80 మెగాహెర్ట్‌జ్‌కు కాస్త ఎక్కువ, అందులో సగం ఒక్క రౌటరే ఆక్రమిస్తే కింది రౌటర్‌తోనూ, పక్కిళ్ల వాళ్లతోనూ గుద్దుకోక తప్పదు. వెడల్పు 20కి తగ్గించి, కింద 1, పైన 11 పెట్టాను. 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు. మధ్యలోని 3, 4 ఎవరికీ మేలు చేయవు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వైఫై వాడే ఇంకో పట్టీ 5 గిగాహెర్ట్‌జ్ మీదే ఉండాలి కాబట్టి 2.4 శక్తిని కొంచెం తగ్గించాను. మెట్లు ఎక్కాక కూడా కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడే ఫోన్లు దీంతో చాలావరకు దారికొచ్చాయి. ఏ రౌటర్‌కు అంటుకోవాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. దూరపు సిగ్నల్ తగినంత చెడ్డగా అనిపిస్తే తప్ప అది కదలదు. పైన పని చేసే బల్ల దగ్గర సిగ్నల్ మైనస్ 58 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మెరుగు) వచ్చింది. వీడియో కాల్స్‌కు మైనస్ 67 కన్నా మెరుగ్గా ఉండాలంటారు. ఇది చాలు.

సాయంత్రాల సంగతి

మాట తెగడం మాత్రం ఇంకా ఉంది. సాయంత్రం అదే సమయానికి ల్యాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి రెండు పింగ్‌లు నడిపాను. ఒకటి కింది రౌటర్‌కు, మరొకటి బయట సంస్థ వైపున్న మొదటి మజిలీకి. రౌటర్‌కు పింగ్ వెళ్లి రావడానికి 2 నుంచి 4 మిల్లీసెకన్లు. బయటికి 9. కాసేపటికి రెండోది ఒక్కసారిగా 400 దాటి 500కు వెళ్లింది. మొదటిది అలాగే 3 దగ్గర ఉంది. అంటే ఆలస్యం గాలిలో లేదు, ఇంట్లోని కేబుల్‌లోనూ లేదు. రౌటర్ దాటి బయటికి వెళ్లే ద్వారం దగ్గర ఉంది. రెండు పింగ్‌లు పక్కపక్కన నడిపితే తగువు ఎవరిదో ఇంత తేలిగ్గా తేలుతుంది. అయినా ‘వైఫై బాగోలేదు’ అనే ముందు ఈ పని చేసేవాళ్లు తక్కువ.

ద్వారం దగ్గర ఎవరు నిలబడ్డారో కింది రౌటర్ ట్రాఫిక్ పేజీలో కనబడింది. ఇంట్లోని డెస్క్‌టాప్ ఫోటోలను క్లౌడ్‌కు పంపుతోంది. సాయంత్రం అది ఆన్ చేయగానే ఆ పని మొదలవుతుంది. 20 మెగాబిట్ల అప్‌లోడ్‌ను అదొక్కటే నింపేస్తోంది. రౌటర్ తన వంతు రాని ప్యాకెట్లను పారేయకుండా పొడవాటి వరుసలో నిలబెడుతుంది. మాట ప్యాకెట్ చిన్నదే అయినా ఆ వరుస చివర నిలబడాల్సిందే. ప్లాన్ పెంచినప్పుడు పెరిగింది డౌన్‌లోడ్ మాత్రమే, అప్‌లోడ్ మారలేదు. అందుకే ఆ ఖర్చు ఇక్కడ అక్కరకు రాలేదు.

ఈ వరుసను తెలివిగా నడిపే పద్ధతులు ఉన్నాయి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్ ఒకటి. అది ఒక్కో ప్రవాహాన్ని విడివిడిగా నిలబెట్టి, ఎవరూ ద్వారాన్ని కబ్జా చేయకుండా చూస్తుంది. అది ఉన్న రౌటర్‌లో అప్‌లోడ్ హద్దును అసలు వేగంలో 90 శాతం దగ్గర పెడితే చాలు. సంస్థ ఇచ్చిన ఈ పెట్టెలో ఆ సదుపాయం లేదు. దానికోసం కొత్త రౌటర్ కొనిపించడం నాకు నచ్చలేదు. డెస్క్‌టాప్‌లోని క్లౌడ్ యాప్‌లోనే అప్‌లోడ్ హద్దు పెట్టే వీలుంది. 8 మెగాబిట్లు పెట్టాను. ఫోన్ల బ్యాకప్‌ను రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే జరిగేలా మార్చాను. మళ్లీ పింగ్ నడిపితే బ్యాకప్ జరుగుతుండగానే బయటికి 10, 12 మధ్య నిలబడింది. ఆ సాయంత్రం కాల్ మాట తెగకుండా ముగిసింది.

ఒక పని మిగిలే ఉంది. పై అంతస్తు వెనక గదిలో 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ మైనస్ 76 దగ్గరే ఉంది, అక్కడ ఫోను 2.4కు మారిపోతుంది. ఆ గదిలో ఎవరూ కాల్స్ చేయరు కాబట్టి ప్రస్తుతానికి వదిలేయమన్నారు. ఎప్పుడైనా అక్కడ ఇంకో పెట్టె పెట్టదలిస్తే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, 192.168.1.3 ఇచ్చి, కేబుల్ పై రౌటర్ నుంచి లాగమని చెప్పాను. ఆ అంకె కూడా చీటీ మీద రాసి ఉంది.